నాలుగు గంటల ప్రయాణమని చెప్పి అమ్మాను

నన్ను ఎవరూ రిటైర్ చేయలేదు. శాలువా కప్పలేదు, దండ వేయలేదు. జనం జేబుల్లోకి ఫోన్లు వచ్చాయి, ఫోన్లలోకి టికెట్లు వచ్చాయి. కరీంనగర్ బస్టాండ్ ఎదురుగా మొదటి అంతస్తులో ఉన్న నా ట్రావెల్స్ దుకాణానికి మెట్లెక్కి రావలసిన అవసరం ఎవరికీ లేకుండా పోయింది. యాభై రెండేళ్లకు షట్టర్ దించి ఇంట్లో కూర్చున్నాను. మా ఆవిడ దీన్ని రిటైర్మెంట్ అంటుంది. మర్యాద గల మనిషి.

ఇరవై ఆరేళ్లు గల్ఫ్ టికెట్లు అమ్మాను. ఈ మధ్య కొత్తగా ఈ పనిలోకి దిగుతున్నవాళ్లు ఒకరిద్దరు నన్ను సలహా అడిగారు. ఈ రోజుల్లో కూడా టికెట్ల దుకాణం పెట్టేవాళ్లున్నారంటే వాళ్ల ధైర్యాన్ని మెచ్చుకోవాలి. లైసెన్సులు, కంప్యూటర్ల సంగతి చెప్పడానికి వేరేవాళ్లున్నారు. నాకు తెలిసింది ఒకటే: ఒక ఎయిర్‌పోర్టు నుంచి ఇంకో ఎయిర్‌పోర్టుకు ఎంత దూరం, ఎంతసేపు. ఇంత చిన్న సంగతికి ఇన్ని కాగితాలా అని మీరనుకోవచ్చు. నేనూ అలాగే అనుకునేవాణ్ణి. అలా అనుకోవడం వల్ల దావీదు అనే క్రేన్ ఆపరేటర్ కొలువు పోయింది. పోయాక ఆ నింద అతని భార్య రూతు మీద పడేలా చేశాను. తప్పు ఎవరిదో చెప్పడానికే ఇదంతా రాస్తున్నాను. మిగతాది దారిలో తగిలిన ముచ్చట్లు.

దారం వేసి కొలిచిన ప్రపంచం

నాకు పని నేర్పింది గంగారెడ్డి సార్. ఆయన దుకాణంలోనే ఆరేళ్లు కూర్చున్నాను. ఆయన విమానం ఎక్కగా నేను చూడలేదు. ఎక్కనవసరం లేకుండానే అన్నీ తెలిసిన మనిషి. గోడకు పెద్ద ప్రపంచ పటం, సొరుగులో ఒక నల్ల దారం ఉండేవి. కస్టమర్ దూరం అడిగితే దారం తీసి పటం మీద ఈ ఊరికి ఒక కొస, ఆ ఊరికి ఒక కొస పట్టి, దాన్ని జానలతో కొలిచి, కాసేపు కళ్లు మూసుకొని, గంటలు చెప్పేవారు. ఆ కళ్లు మూసుకోవడం చూసే జనానికి గురి కుదిరేది.

ఒకసారి ఆదిలాబాద్ నుంచి జిన్నింగ్ మిల్లు యజమాని ఒకాయన వచ్చాడు. నైరోబీలో ఉన్న బావమరిది దగ్గరికి పోవాలి. సార్ దారం పట్టారు, కళ్లు మూశారు, "ఆరు గంటలు" అన్నారు. నెల తర్వాత ఆ మిల్లాయన తిరిగొచ్చి మెట్ల మీది నుంచే మరాఠీ కలిపి కేక వేశాడు.

"కాయ్ సేఠ్, నీ దారం ముంబైల తెగింది! పది గంటలు కుర్చీల కూసున్న. ఒక్క వడా పావు దిక్కు."

"విమానంల కూసున్నది ఎంతసేపు?" అన్నారు సార్, ఏమాత్రం చలించకుండా.

"ఆరు గంటలే."

"నేను చెప్పింది గదే."

మిల్లాయన కూడా నవ్వేశాడు. అతని దగ్గర నవ్వడానికి తీరిక ఉంది. పది గంటలు పోతే పత్తి ఎక్కడికీ పోదు. నేను ఆ రోజు నేర్చుకున్నది ఏమిటంటే, విమానం గాలిలో ఉన్నంతసేపే మన బాధ్యత, కింద ఉన్నదంతా కస్టమర్ కర్మ. ఇరవై ఏళ్లు ఇదే సూత్రంతో బతికాను. ఎంత సుఖంగా ఉండేదో చెప్పలేను.

సార్ ఇంకో మాట కూడా నేర్పారు. ఎంత టైము అని అడిగితే ఆలోచించకూడదు, ఆలోచిస్తే కస్టమర్ పక్క దుకాణానికి పోతాడు. "నాలుగు గంటలు అను. దుబాయి అయినా, మస్కట్ అయినా, దమ్మామ్ అయినా, నాలుగు గంటలే." నిజానికి ఒకటి కొంచెం తక్కువ, ఒకటి కొంచెం ఎక్కువ. పడమటికి పోయేటప్పుడు ఎదురుగాలి, వచ్చేటప్పుడు వెనకనుంచి గాలి, కాబట్టి పోకకూ రాకకూ కూడా అరగంట అటూ ఇటూ. అరగంటదేముంది అనేవాళ్లం.

జీపు నిండేదాకా

నా సొంత దుకాణం పెట్టాక ఉట్నూర్ అవతల అడవిలోని ఒక ఊరి నుంచి ఒకతను వచ్చాడు. షార్జాలో తోట పని. ఎన్ని గంటలు పడుతుందని అడిగితే నేను ఠక్కున నాలుగు గంటలన్నాను. అతను వేళ్లు మడుస్తూ మొదలుపెట్టాడు.

"మా ఊరి నుంచి ఉట్నూరుకు జీపు. పద్నాలుగు మంది ఎక్కితేనే కదులుతది. ఒకపారి పొద్దున నిల్చుంటె పగటియాల్లకు కదిలింది. ఆడికెల్లి ఆదిలాబాద్ బస్సు. ఆదిలాబాద్ నుంచి పట్నం ఒక రాత్రి. ఏర్‌పోర్టుల ఒక పూట. గిదంత నాలుగు గంటల్లనేనా సారూ?"

"అది నీ తోవ. నాది విమానం తోవ" అన్నాను.

"మరి నాకు నా తోవనే గదా గావాలె" అన్నాడతను.

దుకాణంలో ఉన్నవాళ్లు నవ్వారు. ఎవరి మీద నవ్వుతున్నారో తెలియనట్టు నేనూ నవ్వాను. ఈ ఉద్యోగం గురించి నాకు ఎవరైనా పాఠం చెప్పారంటే అతనే. ఫీజు తీసుకోకుండా చెప్పాడు కాబట్టి నేను పట్టించుకోలేదు.

రెండున్నర తీసేయడం

ఇక్కడ మా ప్రాంతం అలవాటు ఒకటి చెప్పాలి. సౌదీలో మనిషి ఉన్న ప్రతి ఇంట్లో గోడ గడియారం చూడగానే మనసులో రెండున్నర గంటలు తీసేస్తారు. ఇక్కడ పగలు రెండయితే అక్కడ పదకొండున్నర, ఇంకా డ్యూటీలో ఉంటాడు, ఫోన్ చేయొద్దు. ఇక్కడ ఎనిమిదిన్నర అయితే అక్కడ ఆరు, రూముకు వచ్చి ఉంటాడు, చేయొచ్చు. అక్షరం ముక్క రాని ముసలవ్వలు కూడా రొట్టె తిప్పుతూ తిప్పుతూ తీసేస్తారు. నేను అందరికంటే వేగంగా తీసేవాణ్ణి. ఎవరైనా టైము చెబితే చాలు, నోట్లోంచి అక్కడి టైము వచ్చేది. అదో విద్య అని నా నమ్మకం.

టికెట్ మీద మాత్రం ఆ విద్య పనికిరాదు. ఎక్కే టైము ఎక్కే ఊరిది, దిగే టైము దిగే ఊరిది. తీసేయవలసింది ముందే తీసేసి ముద్రిస్తారు. ఇది నాకు తెలుసా అంటే తెలుసు. మొదటి ఏడాది నుంచీ తెలుసు. కాని దిగే టైము నన్ను అడిగినవాళ్లు తక్కువ. అందరికీ ఎక్కే టైమే కావాలి, ఎయిర్‌పోర్టుకు ఎన్నింటికి పోవాలన్నదే భయం. వాడని తెలివి ఎక్కడో మూల పడి ఉంటుంది. అలవాటు మాత్రం నాలుక కొసనే ఉంటుంది.

దావీదు టికెట్

దావీదుది కరీంనగర్‌కు గంట దూరంలో ఉన్న ఊరు. మెథడిస్టు చర్చి కుటుంబం. సౌదీలోని దమ్మామ్‌లో హెల్పర్‌గా చేరి, ఎనిమిదేళ్లకు క్రేన్ ఎక్కాడు. ఆ ఏడాది సెలవుకు వచ్చినప్పుడు అతనికి బిడ్డ పుట్టింది. టికెట్ కోసం తల్లి శాంతమ్మను వెంటబెట్టుకొని వచ్చాడు. ఆమె కళ్లద్దాల కోసం కరీంనగర్ వచ్చింది, కొత్త అద్దాలు పెట్టుకొని నా దుకాణంలోని ప్రతి కాగితాన్నీ పరీక్షగా చూస్తోంది.

"సార్, ఆదివారం పాప బాప్తిస్మం" అన్నాడు దావీదు. "పాస్టరయ్య మా ఊరికి నెలకొక్కపారి వస్తడు. గీ ఆదివారం తప్పితె మల్ల నెల దాక లేదు. నాకు వాపస్ పోయె వీసా గూడ ఆదివారంతోనే అయిపోతది. ఆరాధన అయినంక ఎల్లితె అందుతనా?"

ఆదివారం పొద్దున నేరుగా దమ్మామ్ పోయే విమానం ఒకటుంది. తెర మీద చూపించాను. అది పట్టుకోవాలంటే శనివారమే ఊరు వదలాలి. సాయంత్రం ఆరున్నరకు ఇంకొకటి ఉంది, మస్కట్‌లో దిగి ఇంకోటి ఎక్కాలి. దమ్మామ్‌లో దిగేది పన్నెండున్నర అని ఉంది. నా విద్య లేచి నిలబడింది. పన్నెండున్నరలోంచి రెండున్నర పోతే రాత్రి పది.

"పదింటికి ఆడ దిగుతవు. ఇంక రెండు గంటలు ఆదివారమే ఉంటది. బాప్తిస్మం చూసుకొనే పో" అన్నాను. మంచి చేస్తున్నానన్న సంతోషం కూడా కలిగింది, అది మరచిపోలేదు.

దావీదు టికెట్ ఫోటో తీసి ఇంటికి పంపాడు. ఐదు నిమిషాల్లో ఫోన్ మోగింది. భార్య రూతు. అతను స్పీకర్ పెట్టాడు.

"ఇగో, సార్ ఉన్నడా? దిగేది సోమవారం తారీకు పడ్డది. వీసా ఆదివారం దాకనే గదా?"

నేను ఫోన్ వైపు వంగాను. "అది మన టైమమ్మా. మన పన్నెండున్నర అంటే ఆడ రాత్రి పది."

"మరి గంటలు కలిపితె కుదురుతలేదు సార్. మస్కట్‌కు మూడుంబావు అని రాసుంది. ఆడ మూడు గంటల ఇరవై అయిదు నిమిషాలు కూసునుడు. మల్ల గంటా యాభై. అంత కలిపితె ఎనిమిదిన్నర. ఆరున్నరకు ఎక్కితె మన టైముల తెల్లారి మూడు గావాలె. పన్నెండున్నర ఎట్లయితది?"

దుకాణంలో ఇంకో నలుగురు కస్టమర్లున్నారు. నలుగురూ నా వైపు చూశారు. కాగితం తీసుకొని కలిపి చూస్తే నిమిషం పట్టేది. ఆ నిమిషంలో నా పరువు పోతుందనిపించింది.

"ఏం చదివినవమ్మా?"

"ఇంటర్ సార్."

"మంచిగ చదివినవ్. వచ్చే నెల నుంచి నా కుర్చీల నువ్వే కూసో. నేను ఇంట్ల కూసుంట."

అందరూ నవ్వారు. శాంతమ్మ కొత్త అద్దాలు సర్దుకుంటూ, "దానికి అన్నిట్ల అనుమానమే సారూ. కూరల ఉప్పు గూడ రెండుపార్లు చూస్తది" అంది. మళ్లీ నవ్వారు. దావీదు కూడా నవ్వి స్పీకర్ తీసేశాడు. శాంతమ్మ గోడ పట్టుకొని మెట్లు దిగడం మొదలుపెట్టింది. ఫోన్ పెట్టేశాక అతను గొంతు తగ్గించి అన్నాడు: "పొద్దుటి దాంట్లనే పొమ్మంటుంది సార్. బాప్తిస్మం నేను లేకున్నా అయితదట."

"ఎందుకు పరేషాన్? నాలుగు గంటల తోవకు ఇంత పంచాయితీనా?" అన్నాను.

అరగంట

మంగళవారం దావీదు మళ్లీ నా మెట్లెక్కాడు. భుజాన అదే సంచి, దాని పట్టీకి ఎయిర్‌పోర్టు చీటీ అలాగే ఉంది. వెనక శాంతమ్మ.

"అరగంట సార్" అన్నాడు. "ఆడి గడియారంల పన్నెండున్నర. ఆఫీసరు ఏలు తారీకు మీద పెట్టిండు, నా మొకం జూసిండు. పక్కకు నిలబెట్టి, వచ్చిన దాంట్లనే వాపస్ ఎక్కిచ్చిండ్రు."

గడువులోగా తిరిగి పోలేదు కాబట్టి ఇక కొన్నేళ్లు ఆ దేశంలో అడుగుపెట్టే వీలు లేదు. క్రేన్ మీదికి ఇంకొకర్ని ఎక్కించారు. ఎనిమిదేళ్లు ఎక్కిన ఎత్తు అది.

"సారూ, నువ్వు పదింటికే దిగుతడన్నవు గదా, గిదేంది?" అంది శాంతమ్మ.

ఆ రోజు కూడా దుకాణంలో జనం ఉన్నారు. నాకు జనం ఉన్నప్పుడే తెలివితేటలు పెరుగుతాయి. "అమ్మా, నేను పొద్దుటి విమానం చూపెట్టిన. బాప్తిస్మం ఉన్నదని పొద్దుటిది వద్దన్నది మీ ఇంటోళ్లే" అన్నాను.

మీరు ఈ వాక్యాన్ని శ్రద్ధగా చదవాలి. ఇందులో ఒక్క అబద్ధం లేదు. పొద్దుటి విమానం నేను చూపించాను. బాప్తిస్మం ఉంది. పొద్దుటిది కాదని సాయంత్రం విమానం తీసుకున్నది వాళ్లే. ఈ పనిలో అబద్ధాలాడేవాళ్లు మొదటి ఏడాదిలోనే దొరికిపోతారు. నాలా ఇరవై ఆరేళ్లు నిలబడాలంటే నిజాలే చెప్పాలి, ఏవి చెప్పాలో ఏరుకోవాలి.

శాంతమ్మ కొడుకు వైపు తిరిగింది. "గట్లనా? బాప్తిస్మం ముచ్చట నీ పెండ్లాం తెచ్చిందే గదరా?"

దావీదు నేల చూపులు చూశాడు. భార్య పొద్దుటి విమానానికే పొమ్మన్నదని ఒక్క మాట అంటే చాలు. అనలేదు. ఎందుకనలేదో నాకు అర్థమైంది. అంటే ఆమె మాట తీసిపారేసింది ఎవరన్న ప్రశ్న తర్వాత వచ్చేది.

వాళ్లు వెళ్లాక తలుపు దగ్గరికి వేసి, టికెట్ కాపీ తీసి, వేళ్ల మీద కలిపాను. మూడుంబావు, మూడు గంటల ఇరవై ఐదు, గంటా యాభై. ఎనిమిదిన్నర. ఇంటర్ చదివిన అమ్మాయికి ఐదు నిమిషాలు పట్టింది. నాకు ఒక మనిషి కొలువు పట్టింది.

ఆ తర్వాత నాలుగేళ్లు ఆ ఊరి నుంచి వచ్చే కస్టమర్ల ద్వారా కబుర్లు వినేవాణ్ణి. దావీదు మందమర్రి వైపు బొగ్గు గనుల దగ్గర కాంట్రాక్టు మట్టి లారీ నడుపుతున్నాడని, పదిహేను రోజులకోసారి ఇంటికొస్తాడని. శాంతమ్మ కోడల్ని "పండుగ జేసి కొలువు మింగింది" అంటుందని. నా దుకాణంలోనే కూర్చొని ఒకాయన, "పెండ్లాం మాటలు వింటె గిట్లనే అయితది" అని నీతి కూడా చెప్పాడు. నేను తలూపాను. అంతటితో ఊరుకోలేదు. ఆలస్యం చేసే కస్టమర్లకు ఆ కథనే ఉదాహరణగా చెప్పేవాణ్ణి, పేర్లు మాత్రం చెప్పేవాణ్ణి కాదు. నాకూ కొన్ని విలువలున్నాయి.

కొత్తవాళ్లకు చెప్పవలసింది ఇంతే. గడియారాల మధ్య తేడా తీసేయకండి, గంటలు కలపండి. దిగే తారీకు పైకి చదివి వినిపించండి. ఇంటి దగ్గర టికెట్ చదివే మనిషి ఎవరో కనుక్కోండి. ఆ మనిషి ఫోన్ చేస్తే దుకాణం నిండా జనం ఉన్నా సరే, కాగితం తీసుకోండి.

శనివారం

షట్టర్ దించిన ఆరు నెలలకు ఆ ఊరికి వెళ్లాను. ధైర్యం కూడగట్టుకోవడానికి ఆరు నెలలు పట్టిందని రాస్తే చదవడానికి బాగుంటుంది. కస్టమర్లు పోతారన్న భయం తీరింది, అంతే.

శాంతమ్మ మంచం మీద కూర్చొని మిరపకాయల తొడిమలు తీస్తోంది. రూతు ఒళ్లో చేట పెట్టుకొని బీడీలు చుడుతోంది. నాలుగేళ్ల పాప ఆకు ముక్కలు ఏరుతోంది. నేనెవరో చెప్పాను. చెప్పనవసరం లేకపోయింది. నిలబడే మొత్తం చెప్పేశాను: తప్పు లెక్క నాదని, మీ కోడలు ఆ రోజే సరైన లెక్క చెప్పిందని, పొద్దుటి విమానానికి పొమ్మన్నదని, అది తెలిసి కూడా నేను మీ ముందర మాట తిప్పానని.

శాంతమ్మ తొడిమలు తీయడం ఆపలేదు. "గిప్పుడెందుకు చెప్పవడితివి?"

"దుకాణం మూసినమ్మా."

"అంటె దుకాణం నడిస్తె చెప్పకపోదువు."

"చెప్పకపోదును."

ఆమె కోడలి వైపు తిరిగింది. "నువ్వన్న గప్పుడు జర గట్టిగ చెప్పకపోతివే?"

నేను తప్పొప్పుకొని ఇంకా రెండు నిమిషాలు కాలేదు, నింద మళ్లీ పాత చోటికే పోయి కూర్చుంది. రూతు చేతిలో ఉన్న బీడీ కొస మడిచి పెట్టి, "చెప్పిన అత్తమ్మా. ఫోన్ల చెప్పిన. మీరందరు నవ్విండ్రు" అంది.

శాంతమ్మ చేతులు ఆగాయి. నాతో అంది: "వానికి ఫోన్ చెయ్యి. స్పీకర్ పెట్టు."

చేశాను. లారీ ఇంజన్ చప్పుడులో దావీదు గొంతు వినిపించింది. మళ్లీ మొత్తం చెప్పాను. ఇంజన్ ఆగింది.

"నాకు ఎరుకే సార్" అన్నాడు. "వాపస్ వచ్చెటప్పుడు విమానంలనే ఎరుకైంది."

"ఎరుకైనా నాలుగేండ్లు ఊకున్నవా బిడ్డా?" అంది శాంతమ్మ. "నేను దాన్ని ఎన్ని మాటలన్న. వినుకుంట కూసున్నవా?"

రూతు చేట పక్కన పెట్టి లేచి వచ్చి ఫోన్ దగ్గర నిలబడింది. ఏడుస్తుందేమో, తిడుతుందేమో అనుకున్నాను. ఆమె గొంతులో రెండూ లేవు.

"రేపు ఆదివారం. పాస్టరయ్య వస్తుండు. నువ్వు చర్చికి రా." నా వైపు చూసి, "మీరు గూడ రండ్రి సార్. నాకు చెప్పుడెందుకు, నాకు ఎరుకున్నదే గదా. ఊరు ఊరంత నన్ను అన్నది. సాక్ష్యం ఊరి ముందల చెప్పుండ్రి" అంది.

సాక్ష్యం అంటే నాకు కోర్టుదే తెలుసు. చర్చిలో వేరే ఉంటుందట. ఆరాధన నడుమ ఎవరైనా లేచి తమ బతుకులో జరిగింది అందరి ముందు చెప్పుకుంటారట. బోను ఉండదు, వకీలు ఉండడు, మాటలు ఏరుకొని ఇచ్చేవాళ్లు ఉండరు.

మరునాడు వెళ్లాను. చర్చిలో మగవాళ్లు ఒక పక్క, ఆడవాళ్లు ఒక పక్క చాపల మీద కూర్చున్నారు. దావీదు మందమర్రి నుంచి వచ్చి తలుపు దగ్గర కూర్చున్నాడు, చొక్కా కాలరుకు మట్టి ఉంది. రూతు ముందు వరసలో, పక్కనే శాంతమ్మ. పాట అయిపోయాక పాస్టరయ్య సాక్ష్యం చెప్పేవాళ్లు ఎవరైనా ఉన్నారా అని అడిగారు. ఊరి జనం నా వైపు చూశారు. ఏ వాక్యంతో మొదలుపెట్టాలా అని నేను ఇంకా ఏరుకుంటూనే ఉన్నాను.

సాక్ష్యానికి నాకంటే ముందు దావీదు లేచాడు.